ఉసిళ్ల పుట్టలు

1785 జూన్ 26న కాకినాడ జగన్నాథపురంలో ఒక పరాయి దేశపు వైద్యుడు కన్నుమూశాడు. పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఇప్పటి లాట్వియా ప్రాంతంలో పుట్టాడు. స్వీడన్‌లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో డేనిష్ వాళ్ల స్థావరమైన తరంగంబాడికి వచ్చి, కొన్నాళ్లు ఆర్కాటు నవాబు కొలువులో, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి పరిశోధకుడిగా పనిచేశాడు. ఆఖరి రోజుల్లో జబ్బు పడితే, సామర్లకోటలో ఉంటున్న మరో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఆయన్ని చూసుకున్నాడు. మనం రోజూ పోపులో వేసే కరివేపాకుకు శాస్త్రీయ నామంలో ఉన్న 'కోనిగీ' ఈయన పేరు మీద పెట్టిందే.

మొక్కలు చదివినవాళ్లు కోనిగ్‌ని మొక్కల కోసం తలుచుకుంటారు. నేను తలుచుకునేది చెదల కోసం. దక్షిణాది పుట్టలను తవ్వి చూసి ఆయన రాసిన వ్యాసం 1779లో బెర్లిన్‌లో అచ్చయింది. పుట్టలోపల బూజు పెంచుకుని బతికే చెదల గురించి శాస్త్రలోకానికి అందిన తొలి వివరం అది. రెండేళ్ల తర్వాత హెన్రీ స్మెత్‌మన్ అనే ఆంగ్లేయుడు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆఫ్రికా చెదల మీద పెద్ద వ్యాసం రాస్తూ, కోనిగ్ చెప్పిన ఒక సంగతిని అందులో చేర్చాడు. ఇక్కడి జనం రెక్కల చెదలను, అంటే ఉసిళ్లను, ఎలా పట్టి తింటారన్నది ఆ సంగతి. పుట్టకు రెండు వైపులా కన్నాలు చేస్తారట. గాలి పోయే వైపు కన్నానికి, లోపల వాసన ఆకు రుద్దిన కుండ బిగిస్తారట. గాలి వచ్చే వైపు కంపుకొట్టే మంట పెడితే, పొగకు తాళలేక పురుగులన్నీ కుండలో పడతాయట. వాటిని పిండిలో కలిపి వంటకాలు చేసి బీదాబిక్కీకి చవగ్గా అమ్ముతారనీ, మితిమీరి తింటే కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయనీ కూడా రాశాడు.

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన దాన్ని నేను. మా పాఠ్యపుస్తకంలో చెదలు హానికర కీటకాల పేజీలో ఉండేవి. అంతటితో పాఠం అయిపోయేది. మా రాయలసీమ మెట్టనేలల చరిత్ర రాయాలంటే మాత్రం కరువులు, పాళెగాళ్లు, చెరువులు చాలవు. పుట్టలను కూడా ఆ లెక్కలోకి తీసుకోవాలి. ఆ మాట గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం.

మా ఊరు రాయచోటి పక్క. ఎర్రనేల, రాతిగుట్టలు, బీడు నిండా బలుసు, రేగు, తంగేడు. మృగశిర కార్తెలో పగలు వాన కొట్టి సాయంత్రానికి వెలిసి, గాలి ఆగి ఉక్కపోసిందంటే మా జేజి కుండ, గడ్డపార, కంబళి సర్దుకునేది. ఉసిళ్ల పుట్టలను ఊళ్లో వాళ్లు ముందే గుర్తుపెట్టుకునేవాళ్లు. పుట్ట మీద రేగుకంప వేసి ఉంటే అది ఎవరికో చెందినట్టు. పొలం ఎవరిదైనా సరే, ఆ ఏటికి ఆ పుట్ట కంప వేసినవాళ్లదే. దీని మీద తగాదాలు వచ్చేవి, పెద్దమనుషులు తీర్చేవాళ్లు.

జేజి ముందు పుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వేళ్లతో తడిమి చూసేది. కన్నాలు తెరుచుకోబోయే చోట మట్టి తడిగా, కొత్తగా, పలచగా ఉంటుంది. పనిచేసే చెదలు లోపలినుంచి దాన్ని కొరికి సన్నటి చీలికలు చేస్తాయి. తల పెద్దగా, గోధుమరంగుగా ఉండే కాపలా చెదలు ఆ చీలికల అంచుల్లో దవడలు బయటికి పెట్టి నిలబడతాయి. అవి కనపడ్డాయంటే ఉసిళ్లు లేవడానికి ఎంతోసేపు పట్టదు. కన్నాలకు జానెడు దూరంలో మూరెడు లోతు గుంత తీసి, అందులో నోరు వెడల్పుగా ఉన్న కుండ దించి, అడుగున కాసిన్ని నీళ్లు పోసేది. గుంత అంచున బుడ్డీదీపం. కందికట్టెలు వంచి పుట్టకూ గుంతకూ కలిపి పందిరి వేసి, వేపమండలు పరిచి, పైన కంబళి కప్పేది. ఇక లోపల ఉండే వెలుతురు దీపానిదే.

"మ్మేయ్, ఎగరాకండి. మీ అదురుకు అయి లోపలికే పోతాయి" అని పిల్లల్ని అదిలించేది.

మొదట ఒకటి రెండు బయటికి వచ్చి రెక్కలు ఆరబెట్టుకుంటాయి. తర్వాత ఒక్కసారిగా పొంగుతాయి. కంబళి కింద అదంతా వాన చినుకుల చప్పుడుగా వినిపించేది. దీపం వైపు ఎగబడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కుండలో రాలేవి. కుండ సగానికి పైగా నిండగానే జేజి కంబళి తీసేసేది. మిగతావి ఆకాశంలోకి లేచిపోయేవి. ఇంకా పట్టొచ్చు కదా అని మా చిన్నాన్న అంటే, "అన్నీ మనమే పట్టుకుంటే రేపు పుట్టలు యాడ లేస్తాయిరా" అనేది. లేచిన వాటి కోసం అప్పటికే కాకులు, గోరింకలు, కప్పలు, బల్లులు కాచుకుని ఉండేవి. తెల్లారేసరికి నేల మీద రెక్కలు మాత్రం మిగిలేవి.

ఇంటికి తెచ్చాక కుండలో నీళ్లు వంపేసి, మంగలంలో సన్నటి సెగ మీద వేయించేది. నూనె అక్కర్లేదు. ఉసిళ్లలో ఉన్న కొవ్వే వాటిని వేయిస్తుంది. చల్లారాక చేటలో వేసి చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోయి, బియ్యపు గింజకు కాస్త పెద్దవిగా, ఎర్రగా మెరుస్తూ మిగిలేవి. వాటిలో బొరుగులు, వేయించిన చెనిక్కాయ విత్తనాలు, ఉప్పు, ఎండుకారం కలిపి మాకు తలా పిడికెడు పెట్టేది. మిగిలింది ఎండబెట్టి సట్టిలో దాచేది. కోనిగ్ రాసిన హెచ్చరిక జేజికి తెలిసే అవకాశం లేదు. అయినా పిడికెడుకు మించి పిల్లలకు పెట్టేది కాదు, కడుపు నొస్తుందని. పరాయి దేశస్థుడు అచ్చు వేయించిన మాటా, అక్షరం రాని మా జేజి మాటా కలిసిన ఈ చోటు నాకు చాలా విలువైనది.

ఆ గింజల్లోకి అంత కొవ్వు ఎక్కడినుంచి వచ్చింది? ఎండి రాలిన ఆకు, కంప, గడ్డి, పశువుల పేడ నుంచి. పశువు తినలేనిది, మేక కూడా వదిలేసేది. చనిపోయిన దాన్ని మళ్లీ బతుకులోకి తెచ్చే పని అది. ఆ పని ఒక్కోచోట ఒక్కో ప్రాణి చేస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల తడినేలల్లో వానపాములది ఆ పెత్తనం. కోరింగ మడ అడవుల్లో పీతలు రాలిన మడ ఆకులను బొరియల్లోకి లాక్కుపోయి తింటాయి. నల్లమలలో ఆకులు మందంగా రాలే చోట బూజులు, రోకలిబండలు, పేడపురుగులు, చెదలు తలా ఇంత పంచుకుంటాయి. ఇంగ్లండు పొలాల్లో వానపాములు ఏం చేస్తాయో చార్లెస్ డార్విన్ ఏళ్ల తరబడి గమనించి 1881లో పుస్తకం రాశాడు. ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టిని అవి పైకి తెస్తాయని లెక్క కట్టాడు. ఆ పుస్తకంతో వానపాముకు లోకంలో రైతు మిత్రుడన్న పేరు స్థిరపడింది.

మా సీమలో ఏడాదిలో ఎక్కువ నెలలు పైమన్ను పొడిపొడిగా ఉంటుంది. ఎర్రమట్టి కాలుతుంటే వానపాము లోతుకు పోయి ముడుచుకుని పడుకుంటుంది. ఆరుబయట బూజుకైనా, బాక్టీరియాకైనా తడి లేనిదే పని సాగదు. మార్చిలో రాలిన ఆకు జూన్ దాకా అలాగే గలగలలాడుతూ పడి ఉండాలి. పడి ఉండదు. చెద దాని మీద మట్టి పూత పూసి, ఆ పూత చాటున కొరికి, తడి ఉన్న చోటికి మోసుకుపోతుంది. తడి లేని నేలలో కుళ్లడానికి కావలసిన తడిని పుట్టలోపల అది నిలబెట్టుకుంటుంది. మెట్టనేలలో చెదలు చేసే పని ఏమిటో నాకు అర్థమైంది ఈ ఒక్క విషయం దగ్గరే.

లోపల ఏం జరుగుతుందో చూడాలంటే పుట్టను అడ్డంగా కోయాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ సగానికి చీల్చిన పుట్టను నేను దగ్గరగా చూశాను. గోడలు మందంగా, గట్టిగా ఉన్నాయి. మధ్యలో పైనుంచి కిందికి గొట్టంలాంటి ఖాళీ. నేలమట్టానికి కాస్త అటూఇటూగా అరలు, ఒక్కో అరలో ముడతలు ముడతలుగా, లేత గోధుమరంగు తుట్టె. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా, తేమగా, పుట్టగొడుగు వాసనతో ఉంది. దాని మీద ఆవగింజంత తెల్లటి ముత్యాలు. పనిచేసే చెదలు ఎండు ఆకును తిని, అరిగీ అరగనిదాన్ని ఈ తుట్టె పైభాగాన పేరుస్తాయి. అందులోనే బూజు సిద్ధబీజాలూ ఉంటాయి. కలపను గట్టిగా ఉంచే లిగ్నిన్‌ను ఆ బూజు విడగొడుతుంది. ఆ తెల్లటి ముత్యాలను, తర్వాత బాగా పండిన పాత తుట్టెను చెదలు కిందినుంచి తింటాయి. ఈ బూజుకు 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజె హైమ్ టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదలూ ఇదీ కలిసి బతకడం సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికాలో మొదలైందని జన్యు పరిశోధనలు తేల్చాయి. బూజు పెంచే చెదలు ఆఫ్రికా, ఆసియాల్లోనే ఉన్నాయి. అమెరికా ఖండాల్లో అలాంటి సేద్యం ఆకులు కత్తిరించే చీమలది.

వానలు బాగా పడితే ఈ బూజే పుట్ట మీదా, పుట్ట పక్కనా గొడుగులు లేపుతుంది. పొడుగాటి వేరుతో కింద తుట్టె దాకా అతుక్కుని ఉంటుంది. కోసి పులుసు పెడితే మాంసం గుర్తుకురాదు. దీన్ని షెడ్లలో వ్యాపారంగా పండించడం ఇప్పటికీ కుదరలేదు. చెదలు లేనిదే ఇది పంట ఇవ్వదు.

అంత బూజు, అన్ని లక్షల చెదలు ఊపిరి పీల్చే చోట గాలి ఎలా ఆడుతుంది? దీనికి జవాబు మన పక్కనే బెంగళూరులో దొరికింది. మన పుట్టలు కట్టే జాతి చెదల మీదే అక్కడ పరిశోధన చేసి హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, మహాదేవన్ 2015లో ఫలితాలు ప్రకటించారు. పగలు ఎండకు పుట్ట అంచులు ముందు వేడెక్కుతాయి. అంచుల్లోని గాలి పైకి లేచి, నడి గొట్టంలోంచి కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లబడి అదే గాలి తిరగబడి నడుస్తుంది. రోజూ ఈ రాకపోకలతోనే లోపల చేరిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది.

చెదలు పుట్ట కట్టడానికి లోతునుంచి సన్నటి బంకమట్టిని ఏరి తెస్తాయి. అందుకే పుట్టమన్ను మా ఇళ్లలో ప్రత్యేకం. పొయ్యి వేయాలన్నా, గాదె లోపల పూయాలన్నా, అరుగు తీర్చాలన్నా అదే. కాలు బెణికితే వేడిచేసి పట్టు వేసేవాళ్లు. బస్తర్‌లో కంచుబొమ్మలు పోసే గడ్వ కళాకారులు అచ్చుకు పుట్టమన్ను వాడతారు. పెళ్లి పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడానికి పుట్టమన్ను కావాలి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందురోజు అంకురార్పణ జరుగుతుంది. విష్వక్సేనుల వారి ఊరేగింపుతో పుట్టమన్ను తెచ్చి అందులో నవధాన్యాలు చల్లుతారు. తిరుమల స్థలపురాణంలో స్వామి ఉన్నదీ పుట్టలోనే, ఆవు పాలు కార్చిందీ పుట్ట మీదే. నాగులచవితి, ఎల్లమ్మ పుట్టలు అందరికీ తెలిసినవే, వాటి గురించి ఎక్కువ చెప్పను. విత్తనం మొలిచే మొదటి మట్టిగా మన పెద్దలు ఏరి కోరి పుట్టమన్నునే ఎంచుకున్నారు. ఎండాకును మట్టిగా మార్చే చోటే మొలకకు మంచి చోటని వాళ్లు కళ్లారా చూసి తెలుసుకున్నారని నా నమ్మకం.

నీళ్ల సంగతి ఇంకా పాతది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలం ఆనవాళ్ల కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఏ వైపు ఎంత లోతున నీరు పడుతుందో వరసగా చెప్పాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, దానికి దక్షిణాన రెండు నిలువుల లోతులో తియ్యటి నీళ్లు ఉంటాయన్నది అందులో ఒకటి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పిన ఇ.ఎ.వి. ప్రసాద్ ఈ అధ్యాయాన్ని సీరియస్‌గా తీసుకుని, ఆధునిక శాస్త్రంతో పోల్చి 1980లో పుస్తకం వెలువరించారు. చెదకు ఎప్పుడూ తడి కావాలి, దానికోసం లోతుకు పోతుంది కాబట్టి, పుట్ట కింది తేమకు ఆనవాలు కావడంలో వింత లేదు. మా ఊళ్లో పాత బావులు తవ్వించినవాళ్లు నీటిజాడ కోసం టెంకాయ తిప్పడం కంటే ముందు పుట్టను, దాని పక్క చెట్టును చూసేవాళ్లని మా నాయన చెప్పేవాడు.

మరి చెద శత్రువు ఎప్పుడైంది? తాళపత్రాల కాలంనుంచీ అది శత్రువే. పసుపు పూసి, పెట్టెలో వేపాకు వేసి కాపాడుకున్నారు. కంపెనీ కచేరీల్లో రికార్డులకు చెద పెద్ద బెడద. దూలాలు, తలుపులు, పుస్తకాలు పోగొట్టుకున్న ఇల్లు లేదు. ఆ నష్టాన్ని నేను తేలిక చేయను. కానీ అది ఇంటి గడప లోపలి పోరు. పొలంలో పోరు వేరే, అది ఇటీవలిది.

1970ల తర్వాత మా వైపు కొర్ర, జొన్న, ఉలవ, ఆముదం తగ్గి, వేరుశనగ మడి తర్వాత మడి కమ్మేసింది. వేరుశనగ కోత అంటే చెట్టును వేరుతో సహా పెరకడం. కాయ మార్కెట్‌కు, చెనిక్కాయ కట్టె పశువులకు. నేల మీద చెదకు తినడానికి ఒక్క పుల్ల మిగలదు. అప్పుడు అది బతికున్న చెట్టు వేరుకు, కాయ తోలుకు ఎగబడుతుంది, బెట్ట ఏడైతే మరీనూ. తోలు గీరుకున్న కాయలోకి విషపు బూజు చేరుతుంది. రైతుకు ఇది నిజమైన నష్టం. దానికి చూపిన మందు బి.హెచ్.సి. పొడి. నాగలి చాళ్లలో మా నాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని చల్లేవాడు. దాని వాసన వారం రోజులు పొలంలో ఉండేది. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్‌లను మన దేశంలో 1996లో, బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. అప్పటికి ఆ మందులు నేలలో చేరి దశాబ్దాలు దాటింది.

మందు చేయలేనిది యంత్రం చేసింది. బీడు భూములు చదును చేసి ప్లాట్లు వేసినప్పుడు, గుట్టల అంచులు తవ్వినప్పుడు మొదట పోయేవి పుట్టలు. ఉసిళ్లు పట్టే ఇళ్లు మా ఊళ్లో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేగుకంప వేసే ఆచారం నాకంటే చిన్నవాళ్లకు తెలియదు.

అయితే ఒక మంచి మార్పు కూడా చూస్తున్నాను. 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి సేద్యం మా వైపు కొందరు చేస్తున్నారు. వేసవిలోనే నవధాన్యాలు చల్లి నేలను ఎండకు వదలకుండా కప్పి ఉంచడం, కోసిన కట్టెను కాల్చకుండా పొలంలోనే ఆచ్ఛాదనగా పరచడం వీళ్ల పద్ధతి. మా చిన్నాన్న కొడుకు తన చేలో కందికట్టె, ఉలవపొట్టు, పచ్చిరొట్ట పరిచి, వాటి మధ్య వేరుశనగ వేశాడు. కట్టె కింద మట్టి పూత ఎత్తి చూపించాడు. చెదలు కుప్పలుగా ఉన్నాయి. చెట్టు పెరికి చూస్తే కాయ తోలు శుభ్రంగా ఉంది.

"పురుగుమందు కొట్టలేదా?" అని అడిగాను.

"దానికి తినేదానికి ఎండుసొప్ప ఉంటే పచ్చిచెట్టు జోలికి యాల పోతాది అక్కా? పక్క చేన్లో చూడు, సొప్పంతా ఊడ్చి ఎత్తుకుపోయినారు. ఆడ కాయ తినేసింది."

పక్క చేనూ చూశాను. అతను చెప్పింది నిజం. ఒక చేనును చూసి శాస్త్రం తేల్చలేం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల వాళ్లు సీమ మండలాల్లో నాలుగైదు ఏళ్లు వరసగా దీన్ని కొలిచి చెప్పాలని నా కోరిక. ఈలోగా నేను చేయగలిగింది చేస్తున్నాను. మా కాలేజీ పాత విద్యార్థులు కొందరు టీచర్లయ్యారు. వాళ్ల బడి పిల్లలతో ఊరూరా పుట్టల లెక్క రాయిస్తున్నాను. పుట్ట ఎత్తు, పక్కనున్న చెట్టు, ఏ దిక్కున ఉంది, దగ్గరి బావి ఎంత లోతు, ఉసిళ్లు ఏ వానకు లేచాయి, గొడుగులు లేస్తాయా, ఆ పుట్ట పాతకాలంలో ఎవరిదని పెద్దవాళ్లు చెబుతారు అన్నవన్నీ రాస్తారు. గాలివీడు వైపు నుంచి వచ్చిన నోటుపుస్తకాల్లో నేరేడు పక్క పుట్టలకు ఒక పేజీ విడిగా పెట్టమన్నాను. వరాహమిహిరుడి లెక్క అక్కడ నిలుస్తుందో లేదో వచ్చే వేసవిలో ఆ బావుల నీటిమట్టాలతో సరిచూడాలి.